20 సెం.మీ. అని రాసి ఉన్న కటకం

మాది నరసన్నపేట వైపు, హైవే పక్కనే ఉన్న హైస్కూలు. సైన్స్ బీరువా తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. అందులో కటకాలు, అంటే లెన్సులు, ఆరు. ఒకదాని అంచు పెచ్చు లేచిపోయింది. రెండింటి మీద తేమకి బూజు అల్లుకుంది, ఎంత తుడిచినా పోలేదు. మిగతా మూడూ బాగానే ఉన్నాయి. మూడింటికీ చిన్న చీటీలు అంటించి ఉన్నాయి: నాభ్యంతరం 20 సెం.మీ. అంటే ఎంతో దూరం నుంచి వచ్చే వెలుతురుని కటకం తనకి 20 సెం.మీ. అవతల ఒకచోటికి చేరుస్తుందని.

కిందటి వారం పదో తరగతి పిల్లల చేత ఆ మూడింటితో ప్రయోగం చేయించాను. ముందు గది చీకటి చెయ్యాలి కదా. మా కిటికీలకి తలుపులు సరిగ్గా పడవు. ఒక అబ్బాయి ఇంటి నుంచి వడ్లు ఆరబోసే బరకం తెచ్చాడు, దాన్ని మేకులకి కట్టాం. దానికున్న చిల్లులోంచి ఒక్క కిరణం సుద్దపొడిలో గీతలా మెరుస్తూ నల్లబల్ల మీద పడింది. "అచ్చం అరసవల్లిలాగున్నాది సార్" అన్నాడు వెనక బెంచీవాడు. మా జిల్లా పిల్లలకి కాంతి అంటే మొదట గుర్తొచ్చేది అదే. మార్చిలోనూ అక్టోబరులోనూ పొద్దున్నే సూర్యకిరణాలు అరసవల్లి గుళ్ళోకి వచ్చి సూర్యనారాయణ స్వామి పాదాల మీద పడటం. ఏడాదికి రెండుసార్లే ఎందుకని అడిగితే ఎవరూ చెప్పలేదు. సూర్యుడు ఉదయించే చోటు ఆరు నెలలు ఉత్తరానికి జరుగుతుంది, ఆరు నెలలు దక్షిణానికి జరుగుతుంది. వెళ్ళేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి అదే చోటు దాటుతుంది, అంతే. అది చెప్పేసరికి పది నిమిషాలు అయిపోయాయి.

కొవ్వొత్తి పెడితే ఫ్యాను ఆపాలి, ఆపితే ఉక్కపోత. అందుకని కొవ్వొత్తి మానేసి నా ఫోను టార్చి వెలిగించి, దాని ముందు బాణం గుర్తు కత్తిరించిన అట్టముక్క పెట్టాను. మీటరు స్కేలు బల్లకి టేపుతో అంటించాం. పాత క్యాలెండరు వెనకవైపు తెర. మూడు జట్లు, వంతులవారీగా రీడింగులు.

వస్తుదూరం, అంటే బాణం నుంచి కటకందాకా, 30 సెం.మీ. పెట్టమన్నాను. మూడు జట్లూ ప్రతిబింబ దూరం, అంటే కటకం నుంచి తెర మీద బొమ్మదాకా, 60 అని రాశాయి. అరవై పాయింటు సున్నా! అంత చక్కగా రావడంతో నాకే అనుమానం వచ్చింది. నేను వెళ్ళి తెరని 60 దగ్గర పెట్టి చూస్తే బాణం లేదు, ఉత్త వెలుతురు మరక. ముందుకు జరుపుకుంటూ వస్తే 39 దగ్గర బాణం తలకిందులుగా, అంచులు తెగినట్టు స్పష్టంగా నిలబడింది. మూడో బల్ల దగ్గర అమ్మాయి పుస్తకం తీసి చూశాను. 39 అని రాసి, కొట్టేసి, పక్కన 60 అని రాసుంది.

"ఎందుకమ్మా కొట్టీసావు?"

"చీటీ మీద 20 అని ఉంది కదండీ. సూత్రంలో వేస్తే 60 వచ్చింది. నాదే తప్పనుకున్నాను."

కోప్పడబోయి ఆగిపోయాను. డిగ్రీలో నేను చేసిందీ ఇదే. సోడియం దీపం, గ్రేటింగు, స్పెక్ట్రోమీటరు పెట్టి ఆ దీపం పసుపు వెలుతురు తరంగదైర్ఘ్యం కొలిచే ప్రయోగం. తరంగదైర్ఘ్యం 5893 ఆంగ్‌స్ట్రాములు రావాలని అందరికీ ముందే తెలుసు. నాకు 5700 చిల్లర వచ్చింది. కోణాన్ని కాస్త సర్ది 5880 చేశాను. రికార్డు మీద సంతకం పడింది. నా తప్పు ఎక్కడుందో ఈరోజుకీ తెలీదు, ఎందుకంటే వెతకలేదు.

ప్లస్సు, మైనస్సు గుర్తుల గొడవ పక్కన పెడితే, అదే సూత్రంలో 30, 39 పెట్టి లెక్క కడితే నాభ్యంతరం 17 వస్తుంది. నిజంగా 17ఏనా? బరకం ఒక పక్క ఎత్తమని, కిటికీకి ఎదురుగా కటకం పట్టుకుని వెనక తెర జరిపాం. రోడ్డు అవతలి కొబ్బరిచెట్టు తలకిందులుగా వచ్చింది. దాని పక్క నుంచి ఒక లారీ చక్రాలు పైకి పెట్టుకుని వెళ్ళింది. పిల్లల అరుపులకి పక్క గది మేడమ్ వచ్చి చూసి వెళ్ళారు. స్కేలు పెడితే 17. చెట్టు అనంత దూరంలో లేదు కదా అని ఒకడు పట్టుకున్నాడు. మంచి ప్రశ్నే. చెట్టు 60 మీటర్లనుకో, తేడా అర మిల్లీమీటరు. మన స్కేలుకి అది అందదు. మిగతా రెండు కటకాలూ ఇదే వరస, ఒకటి 17, ఒకటి 18. ఎక్కడ తయారయ్యాయో గానీ చీటీలు మాత్రం ఒకే చేత్తో అంటించినట్టున్నారు. మూడూ గోటితో గీకేశాను.

ఇక ఆ రోజు బాగా నచ్చింది సగం మూసే ఆట. కటకంలో సగానికి నల్ల కాగితం అంటిస్తే బాణంలో ఎంత కనిపిస్తుంది? క్లాసు మొత్తం సగం అంది. బీఈడీకి వచ్చేదాకా నేనూ అలాగే అనుకునేవాణ్ణి. బాణం పూర్తిగా వచ్చింది, వెలుతురు మాత్రం తగ్గింది. బాణంలోని ప్రతి బిందువు నుంచీ కిరణాలు కటకం అంతటా పడతాయి, మిగిలిన సగమూ అదే బొమ్మ కడుతుంది. చెప్తే తలూపారు గానీ ఎవరూ నమ్మినట్టు లేరు.

మర్నాడు ఆ మూడో బల్ల అమ్మాయి వాళ్ళ నాయనమ్మ చత్వారం కళ్ళజోడు తెచ్చింది. కిటికీ దగ్గర పెట్టి చూస్తే కుడి అద్దం 40 సెం.మీ., ఎడమది 33. మీటర్లలోకి మార్చి, ఒకటిని దానితో భాగిస్తే 2.5, 3 డయాప్టర్లు, అంటే కళ్ళజోడు పవరు. కంటి డాక్టరు రాసిన చీటీ సాయంత్రం ఇంట్లో వెతికి చూసిందట, అవే అంకెలు. "చీటీ కరెక్టేనండీ" అని వచ్చి చెప్పింది.

అంతకుముందు కుడి అద్దం మధ్యలో తన స్టిక్కర్ బొట్టు ఒకటి అంటించి చూసింది. గోడ మీద కొబ్బరిచెట్టుకి బొట్టు రాలేదు. చెట్టు మొత్తం ఉంది.

ఆ బొట్టు తీసింది గానీ జిగురు ఉండిపోయింది. నాయనమ్మ కబురు పంపింది, సారునే వచ్చి తుడిచి వెళ్ళమని.