ఓ గ్రూపు అనుకున్న రక్తానికి ఒక్క ఓ బ్యాగూ సరిపోకపోతే

ఒంగోలులో మేం రివర్స్ గ్రూపింగ్‌కి (పేషెంటు సీరాన్ని, అంటే కణాలు తీసేసిన రక్తపు ద్రవాన్ని, గ్రూపు తెలిసిన కణాలతో కలిపి చూసే పరీక్ష) ఏ, బీ కణాల పక్కన ఓ కణాల ట్యూబు కూడా తప్పనిసరిగా పెడతాం. చాలాచోట్ల ఆ మూడో ట్యూబు మానేస్తారు. ఓ కణాల మీద ఉండే హెచ్ అనే పదార్థం కూడా లేని అరుదైన బాంబే గ్రూపు తప్పిపోయేది అక్కడే. దాని కణాలు యాంటీ-ఏ, యాంటీ-బీ (ఏ, బీలను పట్టుకునే యాంటీబాడీలు) దేనితోనూ గడ్డకట్టవు కాబట్టి అచ్చం ఓ లాగే కనిపిస్తాయి. క్రాస్‌మ్యాచ్‌లో (ఎక్కించే ముందు పేషెంటు సీరంతో బ్యాగు కణాలు కలిపి చూడటం) ఫ్రిజ్‌లోని ఓ బ్యాగులన్నీ రియాక్షన్ ఇచ్చాకగానీ అనుమానం రాదు.

ట్యూబులో 2 చుక్కల పేషెంటు సీరం, 1 చుక్క 5 శాతం కణాలు వేసి, 1000 ఆర్‌పీఎం మీద 1 నిమిషం తిప్పుతాం. మెల్లగా కదిపితే ఓ కణాలు ఒకే ముద్దగా అడుగు నుంచి ఊడి వస్తాయి, అది 4 ప్లస్, అన్నింటికన్నా బలమైన రియాక్షన్. పేషెంటు సొంత కణాల ఆటో కంట్రోల్ మాత్రం పొగలా విడిపోతుంది, అంటే రియాక్షన్ లేదు.

అంతమాత్రాన యాంటీ-హెచ్ (హెచ్‌ని పట్టుకునే యాంటీబాడీ) అని రాసేయకూడదు. కణాల మీద ఐ (పెద్ద I) యాంటిజెన్ లేని అరుదైన పెద్దవాళ్ల సీరంలో ఉండే యాంటీ-ఐ కూడా ఇలాగే చేయగలదు. వాటిని విడదీసేది అరుదైన కణాలే. బాంబే కణాల మీద హెచ్ లేదు, ఐ ఉంది. ఓ గ్రూపు బొడ్డుతాడు రక్తంలో హెచ్ ఉంది, ఐ నామమాత్రం. సీరం బొడ్డుతాడు కణాలతో గట్టిగా కలిసి బాంబే కణాలను వదిలేస్తే అది యాంటీ-హెచ్, తారుమారైతే యాంటీ-ఐ. 1952లో బొంబాయిలో భెండే బృందం వెలికితీసిన ఈ కణాల వల్లే హెచ్ ఏబీఓలో భాగం కాదని తేలింది. ఏబీఓ జన్యువు 9వ క్రోమోజోమ్ మీద, హెచ్ జన్యువు 19వదాని మీద ఉన్నాయి.

బొడ్డుతాడు కణాలను సెలైన్‌తో కనీసం 4 సార్లు కడగాలి. వాటికి అంటుకున్న జిగురు వల్ల గడ్డలు లేకపోయినా ఉన్నట్టు కనిపిస్తాయి. మా మే నెల ఎండలకి ఏసీ లేని గదిలో యాంటీ-ఐ బలం తగ్గిపోతుంది, అందుకే 4 డిగ్రీల దగ్గర కూడా చూస్తాం. 37 డిగ్రీల దగ్గర కూడా గట్టిగా పనిచేసేది బాంబే వాళ్ల యాంటీ-హెచ్. వాళ్లకి ఓ గ్రూపు రక్తం ఎక్కిస్తే ఆ కణాలు ఒంట్లోనే పగిలిపోతాయి, ప్రాణం మీదికి వస్తుంది.

చివరగా యాంటీ-హెచ్ లెక్టిన్, అంటే హెచ్‌ని పట్టుకునే మొక్క ప్రోటీన్. మామూలు ఓ కణాలు 4 ప్లస్, పేషెంటువి సున్నా రావాలి. ఓ కంట్రోల్ బలహీనంగా వస్తే లెక్టిన్ పాడైందని అర్థం, ఆ ఫలితం పక్కన పెట్టేస్తాం.

రక్తం కోసం ముందు అడిగేది అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల గురించే. తల్లిదండ్రులిద్దరూ జన్యువు మోస్తున్నవాళ్లయితే ఒక్కొక్కరికీ బాంబే గ్రూపు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది. మేనరికాలున్న ఇంట్లో ఈ కబురు ఆ రోజే పంపిస్తాం.