దసరా సెలవుల్లో అరవై కంప్యూటర్లు

మా విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ ల్యాబు బాధ్యత నాది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మద్దతు ముగుస్తుందని ముందే తెలుసు. మా ల్యాబులోవి ఆరో తరం ఇంటెల్ ప్రాసెసర్లు. మైక్రోసాఫ్ట్ విండోస్ 11కు ఇచ్చిన జాబితాలో వాటికి చోటు లేదు. నిక్షేపంగా పనిచేస్తున్న అరవై యంత్రాలను తుక్కు కింద వేయడానికి నాకు మనసొప్పలేదు. విండోస్ బదులు ఉబుంటు 24.04 అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ పెడదామని విభాగాధిపతిని ఒప్పించాను. చేతిలో ఉన్నవి దసరా సెలవులే.

ఒక యంత్రాన్ని పూర్తిగా సిద్ధం చేసి, దాని నకలును క్లోనెజిల్లా అనే సాఫ్ట్‌వేర్‌తో నెట్‌వర్క్ మీదుగా మిగతావాటన్నిటికీ ఒకేసారి పంపాను. రెండు గంటలైనా సగం కూడా కాలేదు. ఈ పద్ధతిలో ఒక్క యంత్రం వెనకబడితే మిగతావన్నీ దానికోసం ఆగుతాయి. ఒక్కో కేబులూ పట్టి చూసుకుంటూ వెళ్తే, మూడో వరుస చివర, కిటికీ పక్కన, ఎలుక కొరికిన చోట రాగి తీగ మెరుస్తూ కనబడింది. ఆ కేబులు మార్చి మళ్లీ మొదలుపెడితే అరగంటలో పని పూర్తయింది.

అసలు కష్టం సెలవులయ్యాక వచ్చింది. మొదటి సంవత్సరం పిల్లలు సీ భాష రికార్డు పుస్తకంలోని ప్రోగ్రాములను ఉన్నది ఉన్నట్టు టైపు చేశారు. వాటికి కావాల్సిన కోనియో అనే ఫైలే లేదని, ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే కంపైలర్ తేల్చి చెప్పింది. ఆ ఫైలుతో వచ్చే తెర తుడిచే ఆజ్ఞ, మీట నొక్కేదాకా ఆగే ఆజ్ఞ, విండోస్‌కు ముందరి డాస్ కాలం నాటి టర్బో సీ అనే కంపైలర్ సొంతం, సీ భాషవి కావు. మన కళాశాలల్లో తరాలుగా అవే నేర్పుతున్నాం. ఆ రికార్డును నేను సెలవులకు ముందే తెరిచి చూడాల్సింది. ఆ తప్పు నాదే.

"నెల రోజుల్లో పరీక్షలు. పిల్లల రికార్డులు ఏం చేయమంటారు?" అని సీ పాఠం చెప్పే మేడం అడిగారు. ఆవిడ కోపం న్యాయమైనదే. డాస్ ప్రోగ్రాములను నడిపే డాస్‌బాక్సులో పాత టర్బో సీనే పెట్టి ఇవ్వడం గంట పని. పెట్టాను కూడా. కానీ పక్కనే ఉబుంటులోని కంపైలర్ జీసీసీ తెరిచి, రెండింటిలోనూ ఎనిమిది ఫ్యాక్టోరియల్ (ఒకటి నుంచి ఎనిమిది దాకా అన్నిటి లబ్ధం) నడిపి చూపించాను. పాతదానిలో మైనస్ 25216 వచ్చింది, కొత్తదానిలో 40320. టర్బో సీలో పూర్ణాంకానికి 16 బిట్లే. విలువ 32767 దాటితే రుణసంఖ్యల్లోకి తిరుగుతుంది. మేడం ఆ రెండు తెరల వంక చాలాసేపు చూశారు. "ఏడుతో ఆపండి, ఎనిమిది ఇవ్వకండి అని ఏటా చెబుతూ వచ్చానండీ" అన్నారు.

ఆ తర్వాత రెండు సాయంత్రాలు ఇద్దరం కూర్చుని రికార్డులోని ప్రోగ్రాములన్నీ సవరించాం. చాలావాటిలో రెండు మూడు పంక్తులు కొట్టేస్తే సరిపోయింది. బొమ్మలు గీసే ప్రోగ్రాములను మాత్రం మొదటి నుంచి రాయాల్సి వచ్చింది.

ఒక్క యంత్రంలో మాత్రం పాత విండోస్ అలాగే ఉంది. తెలుగు శాఖవారి పాత ప్రశ్నపత్రాలూ పాఠాలూ, ఏ యంత్రమైనా చదవగల యూనికోడ్ పద్ధతిలో కాని పాత ఫాంట్లలో ఉన్నాయి. ఉబుంటులో తెరిస్తే అక్షరాలకు బదులు అర్థంలేని గుర్తులు కనబడతాయి. దాని నెట్‌వర్క్ కేబులు తీసేసి గది మూలన పెట్టాను. శాఖలోని ఇద్దరు పరిశోధక విద్యార్థులు రోజూ సాయంత్రం వచ్చి ఆ ఫైళ్లను ఒక్కొక్కటే యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు సరిచూసుకుని వెళ్తున్నారు.