పొల్యూషన్ టెస్టు మూడు వారాలు తిప్పింది

ఒడిశాలో ఓఆర్ 07 నంబరు బండి. 2011 మోడల్, పెట్రోలు కారు. పదిహేనేళ్లు నిండడంతో ఆర్‌సీ రెన్యువల్ చేయించాను. ఫారం 25, ఐదు వేల ఫీజు, ఇన్స్యూరెన్సు కాగితాలు ఒక్క పూటలో అయిపోయాయి. పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గరే మూడు వారాలు పోయాయి.

సైలెన్సర్‌లో గొట్టం పెట్టిన కుర్రాడు తెర చూసి ‘హెబొ నాహిఁ’ (ఒడియాలో ‘కాదు, అవ్వదు’) అన్నాడు. కార్బన్ మోనాక్సైడ్ 2.1 శాతం, బీఎస్-3 (ఆనాటి కాలుష్య ప్రమాణం) పెట్రోలు కారుకు 0.5 దాటకూడదు. హైడ్రోకార్బన్లు, అంటే కాలని పెట్రోలు ఆవిర్లు, 750 పీపీఎం (పది లక్షల్లో 750 వంతులు) లోపుండాలి, నాది 900 పైమాటే. వెనక నిలబడ్డ ఆటో పాసైంది, ఆ ఆటోవాడు నన్ను చూసి నవ్వాడు.

ఒక వర్క్‌షాపువాళ్లు పిస్టన్ రింగులు పోయాయి, ఇంజిన్ విప్పాలి, నలభై వేలవుతుందన్నారు. కనీసం ఆయిల్ కొలిచే పుల్ల, డిప్‌స్టిక్ కూడా తీసి చూడలేదు! రింగులు పోతే ఆయిల్ తరుగుతుంది, నీలం పొగ వస్తుంది. నా బండికి పొగ లేదు. ఆయిల్ తగ్గకపోగా గరిష్ఠ గీత దాటి వేలెడు పైకొచ్చింది, వాసన చూస్తే పెట్రోలు. ఇన్నాళ్లూ ఆయిల్ తాగని బండి అని గొప్పలు చెప్పుకున్నది దీని గురించే.

బరంపురంలో ఈ బండి తిరుగుడంతా కోర్టుపేట, గిరి రోడ్డు, బడాబజారు. ఒక్కో పరుగు రెండు కిలోమీటర్లు, అదీ రెండో గేరులో. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపూ పెట్రోలు ఎక్కువ పోస్తుంది. కాలని భాగం సిలిండరు గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తూ కింది ఆయిల్ చాంబరులోకి దిగుతుంది. ఇంజిన్ బాగా వేడెక్కితే ఆ పెట్రోలూ, లోపల పట్టిన తేమా ఆవిరై పోతాయి. రెండు కిలోమీటర్లకు అది జరగదు. పైగా సముద్రం దగ్గరి ఊరు, గాలిలోనే తడి. ఆయిల్ మూత తిప్పితే అడుగున లేత గోధుమరంగు మీగడ. ఆ పల్చబడ్డ ఆయిల్ నుంచి లేచే పెట్రోలు ఆవిరి పీసీవీ వాల్వు (ఆయిల్ చాంబరు ఆవిర్లను బయటికి వదలకుండా తిప్పి పంపే వాల్వు) ద్వారా మళ్లీ ఇంజిన్‌లోకే వెళ్లి కార్బన్ మోనాక్సైడ్ పెంచుతుంది. పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్ చల్లగా ఉంటే ఆ పని చేయలేదు.

అసలు దొంగ వేరే దొరికాడు. పొద్దున స్టార్ట్ చేసి రేడియేటరు పై గొట్టం పట్టుకుంటే మొదటి నిమిషం నుంచే గోరువెచ్చన. ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంటును రేడియేటరులోకి పోనివ్వని వాల్వు థర్మోస్టాట్. అది ఉంటే అంతవరకూ ఆ గొట్టం చల్లగా ఉండి, తర్వాత ఒక్కసారిగా కాలాలి. విప్పితే గూడు ఖాళీ! ‘మన ఎండలకు ఇదెందుకు’ అని ఏ మెకానిక్ మహానుభావుడు పీకేశాడో. ఓవర్‌హీట్ అయిన బండికి రేడియేటరు కడగడం బద్ధకమై ఇలా చేసేవాళ్లు ఊరికి పదిమంది ఉన్నారు. మీ బండి రిపేరుకిస్తే విప్పిన సామానంతా తిరిగి అడగండి.

కొత్త థర్మోస్టాట్, కొత్త కూలెంట్. ఆయిల్, ఫిల్టరు మార్పించాను. ప్లగ్గులు మసిబొగ్గుల్లా ఉన్నాయి, మార్చాను. ఇంజిన్‌లోకి గాలి వెళ్లే థ్రాటిల్ బాడీ, పీసీవీ వాల్వు క్లీనర్‌తో కడిగించాను. పీసీవీ వాల్వు ఊపితే టకటక చప్పుడు రావాలి, రాకపోతే కొత్తది. మొత్తం ఖర్చు ఆ నలభై వేలలో ఎనిమిదో వంతు కాలేదు.

తర్వాత హైవే మీద ఇచ్ఛాపురం దాకా వెళ్లొచ్చాను, నాలుగో గేరులో, మూడు వేల ఆర్‌పీఎం దగ్గర. ఇంజిన్ ఆపకుండా తిన్నగా టెస్టుకే. కార్బన్ మోనాక్సైడ్ 0.2, హైడ్రోకార్బన్లు 140. కుర్రాడు గొట్టం తీసి మళ్లీ పెట్టి చూశాడు.

ఆయిల్ మార్పు పదివేల కిలోమీటర్లకని పుస్తకంలో ఉన్నా, ఈ తిరుగుడుకు ఐదు వేలు లేదా ఆరు నెలలు, ఏది ముందైతే అది. ఇంజిన్ బాగా వేడెక్కేలా వారానికోసారి హైవే మీద ఛత్రపురం దాకా.

సైలెన్సరే మిగిలింది. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. చల్లటి డబ్బాలో అది బయటికి పోకుండా నిలిచిపోయి అడుగంతా తుప్పు. స్క్రూడ్రైవరు గుచ్చితే దిగింది. వచ్చే నెల మార్చాలి.