డెల్ఫ్ట్‌లో వెర్మీర్‌ని దాటి

నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌కి ఎవరెళ్లినా చిత్రకారుడు వెర్మీర్ పేరే చెబుతారు. ఔడె కెర్క్ చర్చిలోనూ అంతే. నేలమీద ఆయన పేరున్న రాయి చుట్టూ ఫోన్లు పట్టుకుని జనం. నేను వచ్చింది మాత్రం పదిహేడో శతాబ్దపు డచ్చి నౌకాదళ నాయకుడు పీట్ హైన్ సమాధి కోసం. పొద్దున రోటర్‌డామ్‌లో, ఆయన పుట్టిన డెల్ఫ్స్‌హేవెన్‌కి వెళ్లాను. 1870లో పెట్టిన విగ్రహం ముందు వానలో కాసేపు నిలబడి, నాలుగు యూరోలు పోసి చల్లారిన కాఫీ తాగి రైలెక్కేశాను.

సమాధి దగ్గర మాత్రం గంటకు పైగా ఉండిపోయాను. తెల్ల పాలరాతిలో, కవచం తొడుక్కుని వెల్లకిలా పడుకున్న మనిషి. పొగుడుతూ రాసిందంతా లాటిన్‌లోనే. నాకు బందరు డచ్చి సమాధులు గుర్తొచ్చాయి. చిన్నప్పుడు ఆ రాళ్లమీద చెక్కిన బొమ్మలు వేలితో తడుముతూ తిరిగేవాళ్లం. హాలెండు వాళ్లని మా వాళ్లు వలందులన్నారు, వాళ్లున్న చోటుకి వలందపాలెం అనే పేరు ఇప్పటికీ ఉంది. హైన్ కూడా 1607లో డచ్చి ఈస్టిండియా కంపెనీ ఓడల్లో ఆసియాకి వచ్చినవాడే.

అంతకుముందు పడుచు వయసులో స్పెయిన్ వాళ్లకి చిక్కి, దాదాపు నాలుగేళ్లు వాళ్ల ఓడల్లో ఖైదీగా తెడ్డు వేశాడు. 1628 సెప్టెంబరులో అదే స్పెయిన్ వెండి ఓడల కోసం క్యూబా తీరంలో 31 ఓడలతో కాపు కాశాడు. మెక్సికో నుంచి వస్తున్న ఓడలు తప్పించుకుందామని మతాన్సాస్ అఖాతంలోకి దూరి, లోతు చాలక ఇసుకలో దిగబడ్డాయి. పెద్ద యుద్ధమేమీ జరగలేదు. వెండి, బంగారం, నీలిమందు, అన్నీ కలిపి కోటీ 15 లక్షల గిల్డర్ల (అప్పటి డచ్చి నాణేల) సొత్తు. పట్టుబడ్డ స్పెయిన్ నావికుల్ని చంపలేదు. తిండి ఇచ్చి, హవానాకి ఎటు నడవాలో హైనే స్వయంగా స్పానిష్‌లో చెప్పాడట. ఆ భాష ఖైదులో నేర్చుకున్నదే. ఈ ఒక్క సంగతి కోసం ఆయన మీద నాకు గౌరవం.

కోపం వచ్చింది పంపకాల దగ్గర. హైన్‌ని ఈ వేటకి పంపిన డచ్చి వెస్టిండియా కంపెనీ వాటాదారులకి 50 శాతం డివిడెండు. హైన్‌కి 7,000 గిల్డర్లు. ఓడల్లో ఉన్నవాళ్లకి 17 నెలల జీతం. ఇక మెక్సికో గనుల్లో ఆ వెండి తవ్విన స్థానికులు, ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు ఏ లెక్కలోనూ లేరు. ఆ కంపెనీయే తర్వాత బానిసల వ్యాపారంలోకి దిగింది. ఇదంతా తెలిసి ఆ తెల్లటి పాలరాతిని మెచ్చుకోవడం నావల్ల కాలేదు.

మా బాబాయి గిలకలదిండిలో ముప్పై ఏళ్లు బోటు మీద పనిచేశాడు. వేట నుంచి వచ్చాక డీజిలు, ఐసు ఖర్చు పోను మిగిలినదాంట్లో ముందు ఓనరు వాటా, తర్వాతే వీళ్లది. లెక్క తేలేదాకా పిన్ని వీధి అరుగు మీద కూర్చుని ఎదురుచూసేది. నేనూ ఆమె పక్కనే కూర్చునేదాన్ని.

బయటికొస్తే వాన తగ్గింది. పూడ్చిన కాలువ మీద కట్టడంతో పక్కకి ఒరిగిపోయిన చర్చి గోపురం, పడిపోతుందేమో అన్నట్టే ఉంది. దాని కింద నిలబడి బాబాయికి ఫోన్ చేశాను. కథంతా ఓపిగ్గా విన్నాడు. మతాన్సాస్ గురించీ, హైన్ గురించీ ఏమీ అడగలేదు.

"ఆ పదిహేడు నెలల జీతం ఓడ దిగంగానే చేతిలో పెట్టారా అమ్మా, లేక ఆఫీసు చుట్టూ తిప్పుకున్నారా?" అన్నాడు.