గ్రీన్ బెల్టు దగ్గర ఆగిపోయే పిల్లలు

ఏప్రిల్ ఆఖరులో బడులకు సెలవులిచ్చారంటే శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ కరాటే నేర్పే మైదానాలు తెల్ల డ్రెస్సులతో నిండిపోతాయి. దసరా వెళ్లాక పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం వచ్చేసరికి వరసలు పలచబడతాయి. ఇంకో ఏడాది పోతే, తెలుపుకూ నలుపుకూ మధ్యలో వచ్చే గ్రీన్ బెల్టు దాటినవాళ్లు వేళ్ల మీద లెక్క. ఈ కాలం పిల్లలకు పట్టుదల లేదని పెద్దవాళ్లు తేల్చేస్తారు. ఆ మాట నేను ఒప్పుకోను. పిల్లలు మానేసే చోట్లు ఏళ్ల తరబడి అవే. అక్కడ ఇంట్లోవాళ్లు, మాస్టారు ఏం చేశారన్నదాన్ని బట్టే పిల్లలు నిలబడతారు, లేదా జారిపోతారు.

చేర్చేముందే లెక్క చూసుకోవాలి. వారానికి 3 క్లాసులంటే ఏడాదికి 156. దసరా, సంక్రాంతి, పరీక్షలు, జ్వరాలు, అక్టోబరు నవంబరు తుపాన్లు పోగా 110 నుంచి 120 క్లాసులు దక్కితే మంచి హాజరే. షోటోకాన్ అనే కరాటే పద్ధతిలో తెలుపు నుంచి నలుపు దాకా, సంఘాన్ని బట్టి, తొమ్మిదో పదో మెట్లు. మొదటి మెట్లకు మూడు నాలుగు నెలలు, తర్వాత ఎడం పెరుగుతూ, నలుపుకు ముందుండే బ్రౌన్‌లో ఒక్కోదానికి ఆరు నెలలు పడుతుంది. ఈ హాజరుతో బ్లాక్ బెల్టుకు నాలుగున్నర, అయిదేళ్లు. రెండేళ్లలో ఇచ్చేస్తామని ఫ్లెక్సీ కట్టినచోట పిల్లల్ని చేర్చవద్దు. షోడాన్ అంటే మొదటి మెట్టు. కటా అంటే ఒంటరిగా, ఒక వరసలో చేసే కదలికల కూర్పు. మొదటి కటా హెయాన్ షోడాన్ పేరులోనూ, మొదటి బ్లాక్ బెల్టు పేరులోనూ ఉన్నది ఆ మాటే.

ఓర్పు నేర్పే మొదటి పాఠం బెల్టు ముడి. ఆరేడేళ్ల పిల్లలకు అమ్మో నాయనమ్మో గబగబా కట్టేసి పంపేస్తే ఆ పాఠం పోయినట్టే. బెల్టు మధ్యభాగాన్ని బొడ్డు మీద ఆనించి, రెండు కొసలూ వెనక్కి తీసుకెళ్లి, నడుము వెనక ఒకదాని మీదుగా ఒకటి దాటించి ముందుకు తేవాలి. పైన పడ్డ కొసను అక్కడున్న పొరలన్నిటి కిందనుంచి పైకి లాగాలి. ఇప్పుడు ఒక కొస పైకి, ఒకటి కిందికి ఉంటాయి. ఆ రెండింటితో ఇంకో ముడి వేయాలి, కానీ మెలి మొదటిదానికి ఎదురుదిక్కుగా తిరగాలి. అప్పుడు ముడి అడ్డంగా పడుకుంటుంది, కొసలు సమానంగా వేలాడతాయి. రెండు మెలికలూ ఒకే దిక్కుకి వేస్తే ముడి నిలువుగా లేస్తుంది, పది కిక్కులకే ఊడిపోతుంది. చేతికి రావడానికి కొన్ని వారాలు పట్టొచ్చు. క్లాసుకి పది నిమిషాలు ముందే బయల్దేరదీసి, వంకరగా వచ్చినా వాళ్లనే కట్టుకోనివ్వండి.

మొదటి గండం మూడో నెలలో వస్తుంది. కొత్త తీరిపోతుంది, రోజూ అవే బ్లాకులు, అవే పంచ్‌లు. బెల్టు టెస్టు ఇంకా వచ్చి ఉండదు. మెచ్చుకోవడానికి మాస్టారికి నలభై మంది పిల్లలు. ఇక్కడ పిల్లలకు కావలసింది తమ ఎదుగుదలను తామే కొలుచుకునే సాధనం. ఇందుకు హెయాన్ షోడాన్‌ని మించినది లేదు. అందులో 21 కదలికలు, చేయడానికి నిమిషం కూడా పట్టదు. సరిగ్గా చేస్తే మొదలెట్టిన చోటుకే తిరిగి రావాలి. డాబా మీద సుద్దముక్కతో గుర్తు గీసి, దాని మీద నిలబడి మొదలెట్టమనండి. పూర్తయ్యాక పాదాలు గుర్తుకు ఎంత దూరంలో ఉన్నాయో జానలతో, బెత్తెలతో కొలిచి, తేదీ వేసి నోట్‌బుక్‌లో వాళ్ల చేతే రాయించండి.

మొదట్లో రెండు మూడు జానల తేడా సహజం. దానికి కారణం అడుగుల్లోనే దొరుకుతుంది. ముందుకు వెళ్లేటప్పుడు తల మీది దెబ్బ ఆపే బ్లాకుతో మూడడుగులు, వెనక్కి వచ్చేటప్పుడు పంచ్‌తో మూడడుగులు. బ్లాకు చేసేటప్పుడు పిల్లలు అడుగు కురచగా వేస్తారు, పంచ్ అనేసరికి ఉత్సాహంతో సాగదీస్తారు. అందుకే గుర్తు దాటి పోతారు. రెండో తప్పు 10వ, 18వ కదలికల్లో. ముప్పావు చుట్టు తిరిగే ఆ మలుపుల్లో మోకాళ్లు నిటారు చేసి పైకి లేస్తారు. 10వ కదలికలో ఎడమ పాదాన్ని కుడి పాదానికి సరిగ్గా ఎదురుగా పెట్టేస్తారు, తూలిపోతారు. ముందు తల తిప్పాలి, మోకాళ్లు వంగే ఉండాలి, పాదం భుజాలంత ఎడంగా పడాలి. ఇంటి దగ్గర మూడుసార్లు నెమ్మదిగా, ఒకసారి పూర్తి వేగంతో చేస్తే పది నిమిషాలు. అంతకుమించి అడగవద్దు. రెండు జానలు ఒక జానకు తగ్గిన రోజున ఎవరూ భుజం తట్టకపోయినా పిల్లకు తెలుస్తుంది. మనం అనవలసింది కూడా "శభాష్" ఒక్కటే కాకుండా "ఈవేళ మలుపులో తల ముందు తిప్పేవమ్మా" అన్నట్టు ఉండాలి.

పెద్ద గండం గ్రీన్ బెల్టు. అప్పటికి పిల్లలకు పది, పన్నెండేళ్లు. టెస్టుల మధ్య ఎడం పెరుగుతుంది, ఒళ్లు ఒక్కసారిగా సాగి నిన్నటిదాకా చక్కగా లేచిన కాలు లేవదు. అప్పుడే కుమితే, అంటే ఎదుటివాళ్లతో తలపడడం, మొదలవుతుంది. మొదటిసారి ముక్కు మీద తగిలిన పిల్లవాడు మర్నాటి నుంచి కడుపునొప్పి అంటాడు. "క్లాసులో ఏటయింది రా?" అని మెల్లగా అడిగితే గానీ అసలు సంగతి బయటపడదు. దెబ్బ వస్తుంటే కళ్లు మూసుకుపోవడం ఒళ్లు తనంతట తాను చేసే పని, తిట్టడం వల్ల పోదు. ఆరడుగుల దూరం నుంచి మెత్తటి స్పాంజి బంతిని ఛాతీ మీదికి నెమ్మదిగా విసరండి, కళ్లు తెరిచి చేత్తో పక్కకు తోసేయాలి. రోజుకు 20 సార్లు, రెండు వారాలు. తర్వాత దూరం తగ్గించాలి. జోడీతో ముందే చెప్పి చేసే మూడడుగుల కుమితే బాగా వచ్చాకే, ముందే చెప్పకుండా తలపడే విడి కుమితేకి పంపమని మాస్టారిని అడగాలి. చేతి గ్లౌజులు, పళ్లకు గార్డు లేకుండా ఒప్పుకోవద్దు.

టెస్టు తప్పడం ఇంకో గండం. ఎవరూ తప్పని క్లాసు మీద నాకు నమ్మకం లేదు. తప్పినప్పుడు మాస్టారితో వాదించకుండా, ఎందుకు తప్పిందో ఒకే ఒక్క కారణం చెప్పమని అడగాలి. మూడు వారాలు దాని మీదే పనిచేయాలి. మన పిల్లలకు చెప్పడానికి శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి, వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి గారే ఉన్నారు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆమె ఒక్క ఊపున తల మీదికి ఎత్తే స్నాచ్‌లో 110, రెండు అంచెల్లో ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. చివరి ప్రయత్నంలో 137.5 ఎత్తలేకపోయారు. అది లేచి ఉంటే స్వర్ణమే. ఆ తప్పిన లిఫ్టు గురించి కూడా పిల్లలకు చెప్పాలి.

"రేపట్నించి నేనెళ్లను" అని ఏడ్చిన రోజున అవుననీ కాదనీ చెప్పకండి. వచ్చే టెస్టు దాకా వెళ్లి, అప్పటికీ వద్దనిపిస్తే మానేయొచ్చని ముందే మాటిచ్చి, ఆ మాట మీద మీరూ నిలబడండి. కానీ ఒక తేడా తెలుసుకోవాలి. కర్రతో కొట్టే మాస్టారు, పెద్ద పిల్లల వేధింపు, క్లాసంటేనే వణుకు: వీటిలో ఏది కనబడ్డా ఆ రోజే మాన్పించాలి. పాదాలు ఎడంగా పెట్టి, మోకాళ్లు వంచి నిలబడే గుర్రపు భంగిమలో తొడలు మండితే పరవాలేదు. 20 సెకన్లతో మొదలెట్టి వారానికి 5 సెకన్లు పెంచుకుంటూ నిమిషం దాకా వెళ్లొచ్చు. మోకాలు నొప్పంటే అక్కడికక్కడే ఆపాలి. మోకాళ్లు లోపలికి వాలిపోవడమే చాలాసార్లు దానికి కారణం. ఎదిగే వయసులో మోకాలిచిప్ప కింద బొడిపెలా వచ్చి నొప్పి పుడితే గెంతులు మాన్పించి డాక్టరుకి చూపించాలి. పెంకులు పగలగొట్టడం, సిమెంటు మీద పిడికిళ్లతో పుషప్‌లు చిన్నపిల్లలకు అసలు వద్దు. ఎముక కొసలు ఇంకా ఎదుగుతుంటాయి.

మే నెలలో అయితే పొద్దున్న అయిదున్నరకి మొదలెట్టి ఏడు లోపు ముగించాలి. మన తీరంలో చెమట ఆరదు, అందుకే నీళ్లొక్కటే చాలవు. ఉప్పు వేసిన మజ్జిగో చోడి అంబలో సీసాలో పెట్టి పంపండి.

ఇక పదో తరగతి. ఏడాదంతా మాన్పించేసి, తర్వాత చూద్దామనుకుంటే చాలామంది మళ్లీ రారు. వారానికి ఒక క్లాసు, మిగతా రోజుల్లో పది నిమిషాలు చాలు: కటా రెండుసార్లు, ఒక్కో కాలితో 20 ఫ్రంట్ కిక్కులు. మార్చి పరీక్షల వారాల్లో అయిదు నిమిషాలైనా సరే, రోజు మాత్రం ఖాళీ పోకూడదు. పరీక్షలయ్యాక మైదానానికి తిరిగొచ్చిన రోజున తన బెల్టుకు తగిన పెద్ద కటా చేయమంటే పిల్లవాడు మధ్యలో మరిచిపోయి సిగ్గుపడతాడు. హెయాన్ షోడాన్‌తోనే మొదలెట్టనివ్వండి. సుద్ద గుర్తు గీసి, ఎన్ని బెత్తెలు తప్పాడో పాత నోట్‌బుక్‌లోనే, ఆగిపోయిన వరుస కిందే రాయమనండి.