మన్నేటి నీటి పద్దు: నా అనుభవం

పరిశోధనకు మన్నేరు నదిని ఎంచుకున్నానని చెప్పినప్పుడు మా నాన్న ఒకటే అడిగారు: “అందులో నీళ్ళెక్కడున్నాయమ్మా లెక్కపెట్టడానికి?” అడగదగిన ప్రశ్నే. ఏడాదిలో ఎక్కువ నెలలు మన్నేరంటే ఇసుకే. ఈశాన్య రుతుపవనాల కాలంలో ఒక వాయుగుండం మన తీరం వైపు మొగ్గిందంటే, ఏడాది పొడవునా రాని నీళ్ళు నాలుగు రోజుల్లో వచ్చి సముద్రంలో కలిసిపోతాయి. అందుకే ఆ నాలుగు రోజుల లెక్క ముఖ్యమని వాదించాను. నాన్న ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు.

నేను ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ పార్ట్‌టైం పీహెచ్‌డీ చేస్తున్నాను. మా గైడు స్వాట్ అనే సాఫ్ట్‌వేర్ వాడమన్నారు. అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధన విభాగం 1990ల తొలినాళ్ళలో తయారుచేసింది. డబ్బు కట్టక్కరలేదు. క్యూజీఐఎస్ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్ లోపల కూర్చుని పనిచేస్తుంది. చేసే పని కిరాణా కొట్టు పద్దు లాంటిదే. పరీవాహక ప్రాంతాన్ని, అంటే ఏట్లోకి వాన నీళ్ళు పారే నేలంతటినీ, నేల, వాలు, పంట ఒకే తీరుగా ఉన్న తునకలుగా విడగొట్టి, ఒక్కో తునకకు రోజువారీ ఖాతా తెరుస్తుంది. వాన జమ. పారింది, ఆవిరైంది, లోతుకు ఇంకింది ఖర్చు. మిగిలింది నేలలో తడి. దాని పక్కనే నత్రజని, భాస్వరం ఖాతాలు కూడా నడుస్తాయి.

దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవడానికి రెండు రోజులు పట్టింది. ఫోల్డర్ పేరులో ఖాళీ ఉన్నందుకు ఒక రోజు, ఎత్తుల పటాన్ని మన ప్రాంతానికి వాడే మీటర్ల కొలతకు (44వ యూటీఎం మండలం) మార్చనందుకు ఇంకో రోజు. వాటి గురించి ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

అసలు కథ ఎత్తుల పటంతో మొదలైంది. 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో తీసిన ఎస్‌ఆర్‌టీఎం పటం వాడాను. దాని మీద నీటి దారులు గీయడానికి ముందు సాఫ్ట్‌వేర్ ఒక పని చేస్తుంది: చుట్టూ ఎత్తుగా ఉండి మధ్యలో పల్లంగా ఉన్న చోట్లను కొలతలో వచ్చిన తప్పులుగా భావించి పూడ్చేస్తుంది. నీళ్ళు ఎక్కడా ఆగకుండా చివరిదాకా పారాలి కదా. చుట్టూ ఎత్తు, మధ్యలో పల్లం. మన దగ్గర దాన్ని చెరువు అంటారు. పైగా పటంలో ఒక్కో గడి ముప్పై మీటర్లు కాబట్టి సన్నటి చెరువు కట్టలు చాలా చోట్ల సగటులో కలిసి ముందే మాయమయ్యాయి. తరతరాలుగా ఊళ్ళు తవ్వుకున్న చెరువులన్నీ మొదటి మెట్టులోనే చదునైపోయాయి. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు. తెర మీద నీలి గీతలు అందంగా వచ్చాయని ఫొటో తీసి నాన్నకు పంపాను కూడా.

ఫలితాన్ని సరిచూసుకోవడానికి నిజమైన కొలతలు కావాలి. నేను ఎంచుకున్న చోట నదీ ప్రవాహాన్ని కొలిచే కేంద్రం లేదు. రాళ్ళపాడు జలాశయంలో రోజూ రాసే నీటిమట్టమే దిక్కు. ఆ రిజిస్టరు ఫొటోలు సంపాదించడానికి రెండు జిల్లాల్లో తిరిగాను. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు కందుకూరు వైపు మండలాలు నెల్లూరు జిల్లాలోకి వెళ్ళాయి, పామూరు అప్పట్లో ప్రకాశంలోనే ఉండిపోయింది. ఎగువన పామూరు దగ్గరి మోపాడు జలాశయం ఒక జిల్లాలో, దిగువన రాళ్ళపాడు ఇంకో జిల్లాలో పడ్డాయి. రెండూ మన్నేరు మీదివే. ఒక కార్యాలయంలో “అది ఇప్పుడు మాది కాదు” అన్నారు, రెండో కార్యాలయంలో “పాతవి ఇంకా మాకు రాలేదు” అన్నారు. చివరికి దొరికాయి. అడుగులు, అంగుళాల్లో ఉన్న మట్టాలను మిలియన్ ఘనపుటడుగుల్లోకి, అక్కడి నుంచి ఘనపు మీటర్లలోకి మార్చి, తూముల నుంచి వదిలింది, ఆవిరైంది కలిపి, రోజుకు ఎంత నీరు వచ్చిందో వెనక్కి లెక్క కట్టాను. వేసవి సెలవులన్నీ దానికే పోయాయి.

ఈ లెక్కను సాఫ్ట్‌వేర్‌లో నేను కట్టిన మోడల్ లెక్కతో పోల్చి చూస్తే రెండింటికీ పొంతన లేదు. నాష్-సట్‌క్లిఫ్ కొలమానంలో 1 వస్తే పూర్తిగా సరిపోయినట్టు. సున్నా కంటే తక్కువైతే, మోడల్ చెప్పినదాని కంటే సగటు అంకె చెప్పడమే నయమని అర్థం. నాది సున్నాకు కిందే ఉంది. నవంబరు వానలకు మోడల్‌లో వరద ముంచుకొస్తుంటే, రిజిస్టరులో జలాశయం నింపాదిగా నిండుతోంది. వానలో ఎంత పారుతుందో నిర్ణయించే కర్వ్ నంబరును తగ్గిస్తూ పోయాను. అంకెలు కాస్త కుదిరాయి. కానీ నేను నల్లరేగడిని ఇసుక నేలగా మార్చేశానని గైడు చూసీ చూడగానే పట్టేశారు. ఆ చివాట్లు ఇక్కడ రాయను.

ఇంకో చిక్కు ఉంది. ఒక జనవరిలో చుక్క వాన లేదు. జలాశయం మాత్రం పెరిగింది. రిజిస్టరులో తప్పు రాశారనుకుని ఆ రోజులను తీసేయబోయాను. అంతకు ముందు ఒకసారి చూసి వద్దామని రాళ్ళపాడు వెళ్ళాను. కట్ట మీద ఒక పాత లస్కరు (తూములు, కాలువలు చూసుకునే ఉద్యోగి) కనిపించారు. ఫోనులో గ్రాఫు చూపించి అడిగితే నవ్వారు.

“తప్పేమీ లేదమ్మా. అవి మన్నేటి నీళ్ళు కాదు, పెన్న నీళ్ళు. సోమశిల నుంచి ఉత్తర కాలువలో వదిలారు.”

నా పటంలో సోమశిల లేదు, ఉత్తర కాలువా లేదు. పక్క నది నుంచి వచ్చిన జమను నేను దొంగలెక్క అనుకున్నాను. సిగ్గు దాచుకోవడానికి వరద సంగతి కూడా అడిగాను, మోడల్‌లో ఇంత తొందరగా ఎందుకు వస్తోందని. ఆయన చేతికర్రతో మట్టిలో గీసి చూపించారు: పై ఊరి చెరువు నిండితే కలుజు (మిగులు నీరు పొర్లిపోయే దారి) పారుతుంది, ఆ నీళ్ళు కింది ఊరి చెరువుకు, అది నిండితే దాని కిందిదానికి. “తొలి వాన చెరువులకే చాలదు. రెండో వానకు గాని మా దాకా రావు.” అప్పుడు గుర్తొచ్చింది, మొదటి రోజు సాఫ్ట్‌వేర్ పూడ్చింది వీటినేనని.

ఇంటికొచ్చి ఒక్కో ఉపపరీవాహకంలోని చిన్న చెరువులను కలిపి ఒకే చెరువుగా నమోదు చేశాను. స్వాట్ ఇచ్చే వెసులుబాటు అంతే, గొలుసుకట్టును ఉన్నదున్నట్టు చూపలేం. మోపాడును జలాశయంగా పెట్టాను. పెన్న నీళ్ళను విడిగా జమ వేశాను. కర్వ్ నంబరును మళ్ళీ మామూలు అంకెకు తెచ్చాను. ఈసారి కొలమానం 0.5 దాటింది. నెలవారీ ప్రవాహానికి అంతకుమించి వస్తే సరే అంటారు. గైడు కూడా సరే అన్నారు. ఆయన నోట అదే పెద్ద మాట.

పోషకాల పద్దు ఇంకా తల తిరిగేలా ఉంది. తేదీలు ఇవ్వకపోతే సాఫ్ట్‌వేర్ జనవరి ఒకటి నుంచి వేడిమి కూడుకుంటూ, తనకు తోచినప్పుడు నాట్లు వేస్తుంది. నా మోడల్‌లో మార్చి మొదటి వారంలో వరి నాట్లు పడ్డాయి. మా ఆయకట్టులో అప్పుడు కోతలు. తేదీలన్నీ చేత్తో రాశాను. తర్వాత ఎరువులు. రైతు చెప్పేది ఎకరాకు బస్తాలు, సాఫ్ట్‌వేర్ అడిగేది హెక్టారుకు కిలోలు. ఎకరాకు మూడు బస్తాల యూరియా అంటే, బస్తా 45 కిలోల లెక్కన, హెక్టారుకు 333 కిలోలు. జాబితాలో యూరియాకు బదులు శుద్ధ నత్రజని అనే పేరు ఎంచుకుని ఆ 333 కొట్టేశాను. యూరియాలో నత్రజని 46 శాతమే కాబట్టి పడవలసింది 153. రెండు రెట్లకు పైగా పోసి, ఏట్లో నైట్రేటు ఎందుకు పొంగుతోందా అని వారం రోజులు మథనపడ్డాను.

సరిచేశాక కూడా దాన్ని సరిచూసుకునే కొలతలు నా దగ్గర లేవు. వాన తెరిపిచ్చిన పూట నేనే బండి మీద ఐసు పెట్టె కట్టుకుని సీసాలు నింపుకొచ్చాను. అలా ఆరు. ఆరు సీసాలతో ఏ పొలం కంటే ఏ పొలం నుంచి నత్రజని ఎక్కువ పోతోందో చెప్పగలను, ఇన్ని కిలోలని చెప్పలేను. థీసిస్‌లో అలాగే రాస్తున్నాను.

మొన్న సంక్రాంతికి, ఏ నేలలో ఏముందో చూపే రంగుల పటం అచ్చు తీసి నాన్న ముందు పరిచాను. కళ్ళద్దాలు సర్దుకుని మా మెట్ట చేను వెతికారు. అక్కడ ముదురు ఆకుపచ్చ. పక్కనున్న సూచికలో అది ఏమిటో చదివారు.

“మన చేను అడవి ఎప్పుడయింది?”

ఆ చేలో జామాయిల్ ఉంది. ఉపగ్రహ పటం దాన్ని అడవిగా చదివింది. చుట్టుపక్కల సుబాబుల్ తోటలనూ అలాగే చదివి ఉంటుంది. ఆ తునకలన్నీ వెతికి మార్చి మళ్ళీ నడుపుతున్నాను. ఇది పన్నెండోసారి.