నలభై కిలోల కింద కూర్చోవడం

విజయనగరంలో ఉంటూ వెయిట్‌లిఫ్టింగ్ మాట చెవిన పడకుండా బతకడం కష్టం. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం గెలిచిన మత్స సంతోషిది ఇక్కడికి దగ్గరలోని కొండవెలగాడే. అయినా ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పుకునే నేను ముప్ఫై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా ఇనుము ముట్టుకోలేదు. వీపు కండరాలు గట్టిపడాలి, ఏదో ఒక వ్యాయామం మొదలుపెట్టమని డాక్టరు గారు చెబితే ఇంటికి దగ్గరని ఒక హాలుకు వెళ్ళాను. అక్కడ నడిచే యంత్రాలూ అద్దాలూ లేవు. చెక్క ప్లాట్‌ఫాంలు, బార్లు, రబ్బరు ప్లేట్లు, బడి వదలగానే పరిగెత్తుకొచ్చే పిల్లలు, ఒక మూల కుర్చీలో కోచ్ గారు. అంతే.

ఈ ఆటలో లిఫ్టులు రెండే. స్నాచ్‌లో బార్‌ను నేల మీద నుంచి ఒకే ఊపులో తల మీదికి తేవాలి. క్లీన్ అండ్ జర్క్‌లో ముందు భుజాల మీదికి, అక్కడి నుంచి తల మీదికి. చూసేవాళ్ళకు బార్ అలా పైకి వెళ్ళిపోతున్నట్టు ఉంటుంది. నిజానికి స్నాచ్‌లో బార్ నడుము దాటి కాస్త లేవగానే మనిషే దాని కిందికి గబుక్కున దిగి, చేతులు చాచి, గొంతుక్కూర్చున్న స్థితిలో దాన్ని అందుకుంటుంది. ఆ తర్వాత లేచి నిలబడుతుంది. ఆ దిగే క్షణం దగ్గరే నేను చాలాకాలం ఆగిపోయాను.

ముప్ఫై ఎనిమిది కిలోల వరకు బాగానే సాగింది. నలభై అనేసరికి శరీరం మొండికేసేది. బలం చాలక కాదు. నలభైని ఛాతీ ఎత్తు దాకా లాగుతూనే ఉన్నాను, అది స్నాచ్‌కు కావలసినదానికంటే ఎక్కువే. లాగి, కిందికి దిగకుండా నిలబడి చూస్తూ ఉండిపోయేదాన్ని. బార్ తన దారిన తాను కింద పడేది. కోచ్ గారు మొదట ప్రయోగించిన ఉపాయం చాలా పాతది: బరువు చెప్పకపోవడం. పెద్ద ప్లేట్ల బదులు చిన్నవీ పొన్నవీ కలిపి గుచ్చి, "ముప్ఫై ఏడే, మేడం, పట్టండి" అనేవారు. మిగతావాళ్ళ దగ్గర పారిందేమో. నేను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూడికలతో బతికే మనిషిని. చేతులకు చాక్ పౌడరు రాసుకునే లోపే బార్ పదిహేను, పదులు రెండు, రెండున్నరలు రెండు అని మనసు లెక్క కట్టేసేది. మొత్తం తేలగానే మోకాళ్ళు బిగుసుకునేవి.

ఉత్సాహం నింపుకోవడమే మందు అనుకునేవాళ్ళు నా చుట్టూ చాలామంది ఉన్నారు. మా తోటి లెక్చరరు ఒకరు అరుపులు, కేకలు ఉన్న వీడియోలు రోజూ పంపేవారు. అవి చూసి, చెవుల్లో డప్పుల పాట పెట్టుకుని వెళ్ళిన రోజుల్లో స్క్వాట్లు, అంటే భుజాల మీద బరువుతో కూర్చుని లేవడం, బాగానే వచ్చాయి, ఒప్పుకుంటాను. కోపంతో అయినా సరే, బరువు మోసుకుని లేచి నిలబడవచ్చు. స్నాచ్ దగ్గర మాత్రం ఆ ఆవేశం కొంప ముంచేది. నేల మీద నుంచే బార్‌ను గుంజేసేదాన్ని, అది ఒంటికి దూరంగా ముందుకు ఊగేది, ఇక దాని కిందికి దిగడం ఎవరి తరం? సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఎవరూ రంకెలు వేయరు కదా. అప్పటి నుంచి ఆ వీడియోలకు దండం పెట్టేశాను.

దారి చూపింది హాల్లోని పిల్లలు. పదమూడేళ్ళ అమ్మాయిలు నాకంటే ఎక్కువ ఎత్తుతారు, అది వేరే సంగతి. నన్ను ఆకట్టుకున్నది వాళ్ళు ఎత్తలేకపోయినప్పుడు చేసే పని. బార్ ముందుకు పోతే చేతులతో కాస్త తోసి వెనక్కి గెంతుతారు. వెనక్కి పోతే వదిలేసి ముందుకు గెంతుతారు. రబ్బరు ప్లేట్లు ధభాలున పడి ఎగురుతాయి, వాళ్ళు కిలకిలా నవ్వుకుంటారు. నా మనసులోని బొమ్మలో ఆ బార్ ఎప్పుడూ నా మెడ మీదే పడేది. పడబోయే బార్ నుంచి తప్పుకోవడం ఒక విద్య అనీ, దాన్నీ సాధన చేయవచ్చనీ నాకు తట్టనే లేదు.

కోచ్ గారిని అదే అడిగాను. ఆయన కాసేపు నన్ను చూసి, "ఎత్తే మాట తర్వాత చూద్దాం, ముందు పడేయడం నేర్చుకోండి" అన్నారు. తేలికైన ప్లేట్లతో మొదలుపెట్టాం. బార్ తల మీద ఉండగా కూర్చుని, కావాలనే ముందుకు వదలడం, వెనక్కి వదలడం. తర్వాత బార్‌ను మెడ వెనక భుజాల మీద పెట్టుకుని, కొద్దిగా ఎగదోసి, చటుక్కున కిందికి దిగి అందుకోవడం. అదే పని వారాల తరబడి. బయటివాళ్ళకు చెబితే నవ్వుతారు, డబ్బు కట్టి బరువులు పడేయడానికి వెళ్తున్నానని. మా అత్తయ్య నవ్వారు కూడా. కానీ అప్పటిదాకా ఎవరు ఎంత "భయపడకు" అన్నా కదలని భయం, తప్పించుకునే దారి కాళ్ళకు తెలిశాక కొంచెం జరిగి చోటిచ్చింది.

ఏదో ఒక మామూలు సాయంత్రం నలభై కిలోలు వచ్చాయి. ఆ రోజు కూడా మనసు లెక్క కట్టింది. మొత్తం తెలిసే దిగాను. తలలో ఒక్క మాటే ఉంచుకున్నాను: "పాదాలు". అంతకుముందు వీపు, మోచేతులు, చూపు, ఊపిరి అన్నీ ఒకేసారి గుర్తుచేసుకునేదాన్ని. సెకను కూడా పట్టని పనిలో అన్ని ఆలోచనలకు చోటెక్కడ?

వెళ్ళబుద్ధి కాని రోజుల సంగతి కూడా చెప్పాలి. పరీక్ష పేపర్లు దిద్దే రోజుల్లో ఒంట్లో ఓపిక ఉండదు. అలాంటి రోజులకు నేను పెట్టుకున్న షరతు ఒకటే: హాలుకు వెళ్ళాలి, ఖాళీ బార్‌తో కాసేపు చేయాలి, ఆపైన ఇంటికి రావాలనిపిస్తే వచ్చేయవచ్చు. చాలాసార్లు ఉండిపోయాను. కొన్నిసార్లు నిజంగానే వచ్చేశాను, బాధ పడలేదు. కోరిక పుట్టేదాకా ఆగే మనిషినైతే ఈపాటికి ఆ హాలు దారి మరిచిపోయేదాన్ని.

ఆ ఏడాది జిల్లా పోటీల్లో పెద్దవాళ్ళకూ విభాగం పెట్టారు. కోచ్ గారు నా పేరు ఇచ్చేశారు. పోటీ అంటే బరువుల లెక్క కూడా మనసుకు పరీక్షే. రెండు లిఫ్టులకూ మూడేసి ప్రయత్నాలు. బార్ మీద బరువు పెరగడమే తప్ప తగ్గదు. పేరు పిలిచాక నిమిషంలోపు బార్ నేల వదలాలి. రెండు లిఫ్టుల్లోనూ ఎత్తగలిగిన అత్యధిక బరువులు కలిపితే వచ్చేది మొత్తం. ఏదో ఒక లిఫ్టులో మూడూ పోతే ఆ మొత్తమే ఉండదు. 2016 రియో ఒలింపిక్స్‌లో మీరాబాయి చానుకు క్లీన్ అండ్ జర్క్‌లో జరిగింది అదే. టోక్యోలో 202 కిలోలతో ఆమె రజతం గెలిచేదాకా మధ్యలో గడిచిన ఏళ్ళు ఎలా ఉండి ఉంటాయో నాకు ఇప్పుడు కొంచెం ఊహకు అందుతుంది. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130 ఎత్తి 240తో కాంస్యం తెచ్చారు. చివరి ప్రయత్నానికి ఆమె అడిగింది 137.5. అది నిలిచి ఉంటే స్వర్ణమే. కాస్త తక్కువ అడిగి ఉండాల్సిందని మా వైపు అరుగుల మీద ఇప్పటికీ వాదించేవాళ్ళున్నారు. ఆ మెట్లెక్కని వాళ్ళకు ఆ వాదన సులువు. స్వర్ణం చేతికందే దూరంలో ఉన్నప్పుడు దానికే వెళ్ళడం సరైన లెక్క అని నా అభిప్రాయం.

నా విభాగంలో నేనొక్కదాన్నే. మొత్తం అంటూ ఒకటి వస్తే చాలు, మొదటి స్థానం నాదే. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఓడించడానికి ఎవరూ లేనప్పుడు చేతులు వణకవనుకుంటే పొరపాటు. మొదటి ప్రయత్నాలకు జ్వరం వచ్చినా ఎత్తగల బరువులే రాయించారు కోచ్ గారు. స్నాచ్‌లో ముప్ఫై అయిదు, ముప్ఫై ఎనిమిది, నలభై. మూడింటికీ తెల్ల లైట్లు, అంటే లిఫ్టు సరైనదేనని రిఫరీల తీర్పు. జర్క్‌లో నలభై ఎనిమిది, యాభై రెండు అయ్యాక ఆయన, "చివరిది మీ ఇష్టం మేడం" అన్నారు. అక్కడ ఆగిపోయినా పతకంలో తేడా లేదు. యాభై అయిదు అడిగాను. హాల్లో అంతవరకు ఎప్పుడూ ముట్టని బరువు.

భుజాల మీదికి వచ్చింది. లేచి నిలబడ్డాను. జర్క్‌లో బార్ ముందుకు జారింది. చేతులతో తోసి వెనక్కి గెంతాను. ప్లేట్లు పడి ఎగిరాయి, మా పిల్లలు ఈలలు వేశారు. మొత్తం తొంభై రెండు.

మోకాళ్ళు వంచేటప్పుడు ఛాతీ ముందుకు వాలుతోందట. మర్నాడు కోచ్ గారు చూపించి చెప్పారు. ఇప్పుడు బార్‌ను భుజాల ముందు పెట్టుకుని చేసే ఫ్రంట్ స్క్వాట్లు, గోడకు వీపు ఆనించి మోకాళ్ళు వంచే సాధన నడుస్తున్నాయి.